మేకుల పెట్టె గడప దాటవచ్చునా?

'అటక మీది సామాను' శీర్షికకు వచ్చే వుత్తరాలు సాధారణంగా కుట్టుమిషను గురించో, గోడగడియారం గురించో, తాతగారి హార్మనీ పెట్టె గురించో వుంటాయి. యీసారి కొత్తపేట దగ్గర పల్లె నుంచి ఒక సోదరి వ్రాసిన వుత్తరం మరో దారిన వచ్చింది. పేరు వెయ్యవద్దన్నారు గనక వెయ్యను.

ఆమె మరిది చాలా యేళ్లు అమెరికాలో వుండి, సంసారం కట్టగట్టుకుని యింటికి వచ్చేశారు. ఆ సామానులో ఒక పెట్టె దిగింది. కిటికీ తలుపంత చెక్కచట్రం, ముందు అద్దం, అద్దం వెనక రంగుల బల్ల, బల్లనిండా వందలకొద్దీ యిత్తడి మేకులు, అడుగున పళ్లెం, కుడిచేతివైపు ఒక మీట. పళ్లెంలో ఉక్కు గుండ్లు పోసి మీట నొక్కి వదిలితే ఒక్కొక్క గుండూ పైకి ఎగిరి, మేకులమధ్య టపటపా దొర్లుతూ కిందికి దిగుతుంది. వుత్తరంలోని మిగతా సంగతి ఆమె మాటల్లోనే చిత్తగించండి.

"దీన్ని పచింకో అంటారట. మా మరిది అక్కడ పాతసామాను అమ్మేవాళ్ల దగ్గర మోజుపడి కొన్నాడు. అరుగుమీద పెడితే పిల్లలు నాలుగురోజులు ఎగబడి ఆడి తరువాత మానేశారు. యిప్పుడు గుండ్లు యిరుక్కుంటున్నాయి, గంట మోగటంలేదు. బాగుచేసుకోవటం ఎలాగో చెప్పండి. యింతకన్నా పెద్ద చిక్కు మరొకటి వున్నది. మా అత్తగారు దాన్ని అరుగు దాటి లోపలికి రానివ్వటం లేదు. ఆవిడ మామగారు పేకాటలో రెండెకరాల కొబ్బరితోట పోగొట్టారు. జూదపు యంత్రం గడప దాటితే తాను యీ గడప దాటి కూతురింటికి పోతానంటున్నారు. మీరే తీర్పు చెప్పాలి."

అత్తాకోడళ్ల మధ్య తీర్పు చెప్పేటంత తెలివితక్కువవాణ్ణి కాను. కాని అత్తగారు భయపడుతున్న వస్తువు ఏమిటో, దాని పుట్టుపూర్వోత్తరాలేమిటో తెలిస్తే మీ యింటి తీర్పు మీరే చెప్పుకోవచ్చు. బాగుచెయ్యటం సంగతి దాని తరువాత.

వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్లిన చాలామందికి బాగటెల్ బల్ల తెలిసే వుంటుంది. పైభాగం గుండ్రంగా వుండే చెక్కబల్ల, దానిమీద మేకుల గూళ్లు, ఒక్కొక్క గూటికి ఒక్కొక్క అంకె, పక్కన స్ప్రింగు కడ్డీ. కడ్డీ లాగి వదిలితే గుండు చుట్టూ తిరిగివచ్చి ఏదో ఒక గూట్లో పడుతుంది. ఆ బల్ల అసలు పుట్టిల్లు ఫ్రాన్సు. అది మొదట బిలియర్డ్సులాగా కర్రతో ఆడే ఆట. 1871లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో మాంటేగ్యూ రెడ్‌గ్రేవ్ అనే ఆయన కర్ర తీసేసి స్ప్రింగు కడ్డీ పెట్టి హక్కుపత్రం పుచ్చుకున్నాడు. ఆ స్ప్రింగు నుంచి అమెరికాలో పిన్‌బాల్ పుట్టింది. దాన్ని జూదమని చెప్పి న్యూయార్కు నగరంలో 1942 నుంచి 1976 దాకా నిషేధించారు. మేయరుగారే స్వయంగా సమ్మెట పుచ్చుకుని ఆ బల్లలు పగలగొట్టి ఫోటోలు తీయించుకున్నారు. కాబట్టి కొత్తపేట అత్తగారు ఒంటరివారేమీ కారు సుమా!

బాగటెల్ బల్ల 1920ల ప్రాంతంలో జపాను చేరింది. అక్కడ మిఠాయి దుకాణాల ముందు పిల్లలాట. స్థలం తక్కువ దేశం గనక బల్లను పడుకోబెట్టడం మాని గోడకు నిలబెట్టారు. గుండు పడినప్పుడల్లా 'పచీ పచీ' మని చప్పుడు గనక పచింకో అన్నారు. వాళ్ల భాషలో మన ఉండేలుకు కూడా అదే పేరు. రెండోప్రపంచ యుద్ధంలో ఆ దుకాణాలు మూతపడ్డాయి. యుద్ధం ముగిశాక, తిండికి, సబ్బుకు, సిగరెట్టుకు కరువైన రోజుల్లో, నగోయా పట్టణం నుంచి యీ ఆట మళ్లీ లేచింది. ఆ వూళ్లోనే మసమురా టాకేయిచి అనే ఆయన 1940లు ముగిసేవేళకు మేకుల అమరిక పూర్తిగా మార్చాడు. అంతకుముందు మేకులు వరసలు కట్టి నిలబడేవి. ఆయన వాటిని అక్కడక్కడ గుంపులు చేసి, మధ్య ఖాళీలు వదిలి, మధ్య మధ్య గాలిమరలు పెట్టి, గుండు ఎటు పోతుందో చివరిక్షణం దాకా తెలియకుండా చేశాడు. యిప్పటికీ ఆ అమరికను ఆయన పేరుతోనే పిలుస్తారు.

యీ వేళంవెర్రి ఎంతదాకా పోయిందంటే, గుండ్లు వరసగా దూసుకుపోయే యంత్రాలు వచ్చి జనం జీతాలు జీతాలే పారబోసుకోగా, 1954లో టోకియో అధికారులు వాటిని నిషేధించవలసివచ్చింది. 1960లో పువ్వులాగా విచ్చుకుని ముడుచుకునే గూళ్లు వచ్చాయి. తులిప్ పువ్వు ఆకారం గనక వాటికీ ఆ పేరే. కొత్తపేట పెట్టెలో 'రెక్కలు విప్పే ఎర్రపువ్వులు' వున్నాయని వ్రాశారు గనక అది 1960 తరువాతదేనని చెప్పవచ్చు. చేతిమీట వున్నది గనక 1970లు దాటి చాలాదూరం రాలేదనీ చెప్పవచ్చు. ఆ తరువాత గుండ్రని పిడి తిప్పితే కరెంటే గుండ్లు కొట్టే యంత్రాలు వచ్చాయి.

జపానులో జూదం నేరం. మరి యింత బాహాటంగా ఎలా సాగుతున్నదంటారా? గెలిచిన గుండ్లకు దుకాణంవాడు డబ్బివ్వడు, బహుమతి వస్తువు ఇస్తాడు. ఆ వస్తువును పక్కసందులో ఒక చిన్న కిటికీ దగ్గరికి తీసుకువెళ్తే అక్కడివాడు డబ్బిచ్చి కొనుక్కుంటాడు. కొన్న వస్తువు మూడోవాడి ద్వారా మళ్లీ మొదటి దుకాణానికే చేరుతుంది. ముగ్గురిలో ఎవడూ జూదం ఆడించినట్లు కాదు! మన తీర్థాల్లో గుండాట పెట్టేవాడికి యీ కిటుకు తెలిసినట్లు లేదు, పోలీసులు కనబడగానే గుడ్డ చుట్టి పరిగెత్తుతాడు పాపం.

యిప్పుడు అసలు కిటుకు. జపాను దుకాణాల్లో పూర్వం మేకుల మేస్త్రీలని ఒక వర్గం వుండేది. రాత్రి దుకాణం కట్టేశాక చిన్న సుత్తి, కొలత గుండు పుచ్చుకుని ఒక్కొక్క పెట్టె అద్దం తెరచి మేకులు సవరించేవారు. గుండు కొలత 11 మిల్లీమీటర్లు. గూటి ముందరి రెండు మేకుల మధ్య సందు అంతకన్నా రవ్వంత ఎక్కువ. ఆ రవ్వంతలో వెంట్రుకవాసి తగ్గించినా, పెంచినా, మర్నాటి జమాఖర్చు తలకిందులవుతుంది.

ఎలాగో లెక్కవేసి చూపుతాను, పలకా బలపం తెచ్చుకోండి. చాలా పాత పెట్టెల్లో గుండు గూట్లో పడితే 15 గుండ్లు బహుమతి. అందుచేత 15 కొట్టుళ్లకు ఒకటి పడితే ఆటగాడికి లాభమూ లేదు, నష్టమూ లేదు. మేస్త్రీ మేకు కాస్త వంచి 16కు ఒకటి పడేటట్లు చేశాడనుకోండి. 16 గుండ్లు పోయి 15 వస్తాయి, అంటే 16 కొట్టుళ్లకు ఒక్క గుండు నష్టం. చేతిలో 100 గుండ్లు వున్నవాడు సగటున 1,600 సార్లు కొట్టేసరికి ఖాళీ. నిమిషానికి 50 కొడితే 32 నిమిషాలు. మేకు మరికాస్త వంచి 20కి ఒకటి చేస్తే 400 కొట్టుళ్లకే, ఎనిమిది నిమిషాలకే ఖాళీ. 14కు ఒకటి చేస్తే ఆటగాడే గెలుస్తాడు. దుకాణంవాడు కిటికీ దగ్గరి ఒకటి రెండు పెట్టెలు అలా వదిలినా వదులుతాడు, దారినపోయేవాళ్లు చూడాలి గదా! పదహారుకూ పద్నాలుగుకూ మధ్య తేడా కంటికి కనబడదు. కనబడేది మోగిన గంట మాత్రమే.

గుండు ఎటు పోతుందో తెలియదన్న మాట ఒక గుండు విషయంలోనే నిజం. వెయ్యి గుండ్లు వదిలితే ఎన్ని ఎటు పోతాయో చాలావరకు చెప్పవచ్చు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన పందొమ్మిదో శతాబ్దంలోనే మేకుల బల్ల ఒకటి చేయించి యిది చూపించాడు. మేకు తగిలిన ప్రతిసారీ గుండు కుడికో ఎడమకో పోతుంది. పది వరసల మేకులైతే మొత్తం దారులు 1,024. అందులో నట్టనడి గూటికి చేరే దారులు 252. చిట్టచివరి గూటికి చేరే దారి ఒకే ఒక్కటి. అందుకే గుండ్లు మధ్యలో గుట్టగా పడి అంచులకు పలచబడతాయి. మన తెలుగువారు సి. ఆర్. రావుగారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి సంఖ్యాశాస్త్రంలో ప్రపంచం మెచ్చిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు, నూటరెండేళ్లు నిండాక 2023లో కన్నుమూశారు. ఆయన నమ్మింది కూడా యిదే. అదృష్టమనేదాన్ని చూసి దణ్ణం పెట్టి వూరుకోకూడదు, దానిచేత పని చేయించుకోవాలి. తొమ్మిదో తరగతి పిల్లవాడు యీ పెట్టె ముందు కాగితం పెన్సిలు పట్టుకుని కూచుంటే, పుస్తకంలో అర్థంకాని సంభావ్యత అధ్యాయం ఒక్క మధ్యాహ్నంలో వంటబట్టవచ్చు.

అత్తగారి మాటకు వస్తాను. ఆవిడ భయం ఉత్త చాదస్తం కాదు. కోనసీమలో సంక్రాంతి మూడురోజులూ తోటలవెంట ఏం జరుగుతుందో పుట్టిపెరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు. కనుమనాడు జగ్గన్నతోటలో పదకొండు రుద్రుల ప్రభలు కొలువుతీరే దృశ్యం కన్నులపండువు. 2023 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్రం ఢిల్లీలో చూపిన శకటం కూడా ప్రభల తీర్థానిదే. ఆ పండుగరోజుల్లోనే మరోపక్క కోడిపందేల బరుల దగ్గర గుండాట, మూడుముక్కలాట. పండుగ వెళ్లాక పుస్తెలు తాకట్టుకు వెళ్లిన యిళ్లు ఎన్నో. రెండెకరాల తోట పోయిన కాపురంలో కోడలిగా అడుగుపెట్టి, పూటకు కొబ్బరికాయ లెక్కపెట్టుకుని పిల్లల్ని పెంచిన యిల్లాలికి గుండ్లగలగల సంగీతంలా వినబడదు.

అయితే జూదమంటే యేది? యీ ప్రశ్న మన తెలుగుదేశంలోనే పుట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో డబ్బుపెట్టి రమ్మీ ఆడుతుంటే పోలీసులు పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, కె. సత్యనారాయణ అనే ఆయనకూ నడిచిన ఆ కేసులో 1967లో తీర్పు వచ్చింది. మూడుముక్కలాటలాగా రమ్మీ కేవలం అదృష్టం కాదు, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది వుంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కనుక అది ముఖ్యంగా నేర్పుతో ఆడే ఆట అన్నారు న్యాయమూర్తులు. చాలామందికి యింతవరకే గుర్తు. ఆ తీర్పులో మరొక మాట కూడా వున్నది. పందెంమీద ఆ యింటి యజమానిగాని, క్లబ్బుగాని లాభం తీస్తున్నట్లు తేలితే అది నేరమే కావచ్చునన్నారు. నా మట్టుకు నాకు మొదటి మాటకన్నా యిదే విలువైనదిగా తోస్తుంది. అడగవలసింది అదే గదా: ఓడినవాడి డబ్బు ఎవడి పెట్టెలోకి పోతున్నది?

ఆ లెక్కన చూస్తే మీ అరుగుమీది పెట్టెలో పైసా పడే కంత లేదు. గుండు పోతే పళ్లెంలోకి పోతుంది. అత్తగారు అనుమానించవలసిన వస్తువు యింట్లో మరొకటి వున్నది, మనవడి చేతిలోని ఫోను. అందులో మేకులు వంచే మేస్త్రీ కనబడడు, సుత్తి చప్పుడు వినబడదు, డబ్బు పోయినట్లు జేబు తేలికకూడా కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి జూదచట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో పార్లమెంటు కూడా డబ్బుపెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టాలు వచ్చినంత మాత్రాన చాటుమాటు దారులు మూసుకుపోవు.

అందుచేత పెట్టెను బాగుచెయ్యండి. అయితే ఒక సంగతి చెప్పాలి. పిల్లలు నాలుగురోజుల్లో దాన్ని ఎందుకు వదిలేశారు? గుండ్లు యిరుక్కుని కాదు. వుత్తరంలోని ఒక్క వాక్యం దీన్ని పట్టిచ్చింది: 'ఎన్నిసార్లు కొట్టినా గుండ్లు అయిపోవు.' 1970లలో జపాను దుకాణాలు తీసిపారేసిన పాత పెట్టెలు ఓడలకొద్దీ అమెరికా వెళ్లాయి. జపానులో వాటి వెనకవైపు దుకాణం పొడుగునా గుండ్లు మోసే యేర్పాటు వుండేది. అది లేకుండా యింట్లో ఆడాలి గనక కొందరు చెక్కస్టాండు కట్టి, బ్యాటరీ డబ్బా బిగించి, ఓడిన గుండు కూడా వాలుదారిన తిరిగి ఆటగాడి దగ్గరికే వచ్చేటట్లు మార్చారు. మీకు వచ్చింది అటువంటిదే. గెలిచినా అవే గుండ్లు, ఓడినా అవే గుండ్లు! అలాంటి ఆట పసిబిడ్డకూడా రెండోపూట ఆడదు. ఆ మార్పు విప్పెయ్యటమే మీరు చెయ్యవలసిన మొదటి మరమ్మతు. ఓడిన గుండు కిందనున్న వేరే డబ్బాలో పడి అక్కడే వుండాలి. ఆటలో లెక్క వుండాలి, డబ్బు మాత్రం వుండకూడదు.

పెట్టెను పెద్దబల్లమీద మెత్తని గోనెపట్టా పరచి వెనకవైపు కనబడేటట్లు నిలబెట్టండి. వెనకవైపు ముందు ఒక ఫోటో తీసుకోండి. ఏ మర విప్పినా మళ్లీ ఎక్కడ పెట్టాలో ఆ ఫోటోయే చెబుతుంది. పైన గుండ్లు నింపే తొట్టి కనబడుతుంది. అక్కడనుంచి రెండు సన్నని వాలుకాలవలు కిందికి వస్తాయి. ఆ కాలవల అడుగున ఒక అడ్డుతలుపు. గూట్లో పడిన గుండు బల్లకు వెనకవైపుకు వచ్చి, ఒక మీటమీద తన బరువు వేస్తుంది. తక్కెడలాగా మీట ఒరుగుతుంది, అడ్డుతలుపు తెరుచుకుంటుంది, కాలవలో వరసకట్టి వున్న 15 గుండ్లూ ముందరి పళ్లెంలోకి దూకుతాయి, దారిలో గంటను కొడతాయి. యిందులో కరెంటుతో పనేమీ లేదు. అయిదున్నర గ్రాముల గుండు బరువే మొత్తం పని చేయిస్తుంది. అందుకనే అక్కడ కాస్త జిడ్డున్నా, తుప్పున్నా, సాలెగూడున్నా గంట మోగదు.

గంట మోగకపోవటానికి మరో కారణం, అన్నిటికన్నా తేలికైనది, పైతొట్టిలో గుండ్లు లేకపోవటం. బహుమతి గుండ్లు అక్కడనుంచే రావాలి. తొట్టికీ, ఆటగాళ్లకూ కలిపి ఓ 400 గుండ్లు వుంటే హాయిగా ఆడవచ్చు. అవి రెండుకిలోల పైచిలుకు బరువుంటాయి.

కోనసీమవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట: కొబ్బరినూనె ముట్టుకోకండి. తలుపు కిర్రుమంటే కొబ్బరినూనె, తాళం పట్టకపోతే కొబ్బరినూనె, మోకాలు నొప్పెడితే కొబ్బరినూనె మనకు అలవాటు. ఆ నూనె నాళ్లమీద జిగురై, దుమ్ము పట్టి, మీటను పట్టేస్తుంది. గుండు దొర్లే దారుల్లో ఏ నూనే పొయ్యకూడదు. పొడిగుడ్డ చుట్టిన వెదురుపుల్లతో తుడవండి, అంతే. మీటలు తిరిగే యిరుసుల దగ్గర పెన్సిలు ముల్లు చెక్కిన పొడి కాస్త రాలిస్తే చాలు. గుండ్లకు తుప్పు వుంటే పాత దిండుగలీబులో వేసి, రెండు గుప్పెళ్లు సన్నని రంపపుపొట్టు కలిపి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని పావుగంట వూపండి. పిల్లలకు యీ పని ఆటకన్నా బాగుంటుంది. తరువాత జల్లెడలో పోసి పొట్టు పూర్తిగా దులపాలి.

తప్పిపోయిన గుండ్లకోసం సైకిలు షాపుకు వెళ్తారేమో, జాగ్రత్త. బేరింగు గుండ్లలో అంగుళాల కొలతవీ వుంటాయి, మిల్లీమీటర్ల కొలతవీ వుంటాయి. అంగుళంలో పదహారోవంతులు ఏడు వున్న గుండు 11.1 మిల్లీమీటర్లు. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు గాని సన్నని కాలవలో అటువంటివి పది చేరితే తెలుస్తుంది. అమెరికాలో ఎవరో అలా కలిపి వుండవచ్చు కూడా. మీ పెట్టెలో యిరుక్కునే గుండ్లను విడిగా తీసి కొలిపించండి. బంగారపు పనివారి దగ్గర సన్నని కొలతలు తీసే పరికరం వుంటుంది. అయస్కాంతపు ముక్క దగ్గరపెట్టి వున్న గుండ్లు కూడా ఏరెయ్యండి. అవి ఒకదాన్నొకటి పట్టుకుని కాలవలో నిలిచిపోతాయి.

బల్ల ముఖంమీద చెయ్యి పెట్టేముందు రెండుసార్లు ఆలోచించండి. రంగుబొమ్మమీద మెరిసే ఆ పొర పాత పెట్టెల్లో సెల్యులాయిడ్. ఒకప్పటి సినిమా రీళ్లు భగ్గున మండినది దీని మూలానే. దగ్గర అగరువత్తి, దీపం, టంకం వేసే ఇస్త్రీకడ్డీ ఏవీ రానివ్వకండి. స్పిరిటు, నెయిల్ పాలిష్ తుడిచే మందు తగిలితే బొమ్మ కరిగిపోతుంది. మేకులు చిలుము పట్టాయని చింతపండు పులుసుతో తోమబోతారేమో, మన యిత్తడి బిందెలకు అది వైద్యమే గాని యిక్కడ పులుసు మేకుల మొదట్లోకి దిగి చెక్కను వుబ్బిస్తుంది. మెత్తని గుడ్డ తాడులా పేని ఒక్కొక్క మేకుకు మెలివేసి అటూ యిటూ లాగితే చాలు. అన్నీ తళతళలాడాలన్న పట్టుదల వద్దు. గుండు తగిలేచోట మెరుపు దానంతట అదే వస్తుంది.

వంగిన మేకులు సరిచెయ్యటానికి వడ్రంగికన్నా కంసాలి మేలు. వడ్రంగి సుత్తి దెబ్బకు మేకు వూడివస్తుంది. మేకు నేరుగా ముందుకు వుండదు, కొస రవ్వంత పైకి ఎత్తి వుంటుంది, లేకపోతే గుండు దొర్లి అద్దంమీద పడుతుంది. కాబట్టి పక్కమేకులు చూసి దానికి జోడుగా వంచమనండి. చట్రం చెక్కకు చెదలు పట్టలేదు కదా అని వేలితో తట్టి చూడండి. బోలు చప్పుడు వచ్చినచోట ముక్క మార్చటమే.

నిలబెట్టేటప్పుడు మేస్త్రీ వాడే దారంగుండు వేలాడదీసి చూడండి. పెట్టె పైభాగం కాస్త వెనక్కు వాలి వుండాలి. అటూయిటూ మాత్రం ఒరగకూడదు. ఎడమకు గింజంత ఒరిగినా గుండ్లన్నీ ఒక్కవైపు గూళ్లలోనే పడతాయి, లెక్కలు చేసే పిల్లవాడు బిత్తరపోతాడు.

కరెంటు మాట. దీపాలు బ్యాటరీతో వెలిగేవైతే బాధలేదు. ప్లగ్గుతో వచ్చిన పెట్టె అయితే మాత్రం తిన్నగా గోడకు పెట్టకండి. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, మనది 230. జపాను దుకాణాల్లో యీ దీపాలకు 24 వోల్టులే యిచ్చేవారు. రేడియోలు బాగుచేసిన పాతకాలపు మెకానికు అమలాపురంలోనో, రాజోలులోనో తప్పక దొరుకుతాడు. 230ని 24కు దించే ట్రాన్స్‌ఫార్మరు చుట్టించి, తీగలు కొత్తవి వేయించి, మధ్యలో ఫ్యూజు పెట్టించండి. దీపాలు వెలగకపోయినా ఆటకు లోటులేదని మరచిపోకండి.

యింక ఆట నియమాలు మీ యింటివి మీరే పెట్టుకోండి, నాకు తోచినవి చెబుతాను. ఒక్కొక్కరికి 50 గుండ్లు, అందరికీ ఒకే లెక్క. అయిపోతే ఆ పూటకు అయిపోయినట్లే, అప్పు లేదు. తమ్ముడి దగ్గర గుండ్లు అప్పు తీసుకోవటంతోనే పేకాటలో తోటలు కరిగాయి గనక యీ ఒక్క నియమం సడలించవద్దు. గెలిచిన గుండ్లకు మిఠాయిగాని, పైసగాని, పని మినహాయింపుగాని యివ్వకండి, నోటుపుస్తకంలో అంకె వ్రాసుకోనివ్వండి చాలు. వారానికొకసారి పెద్దవాళ్లెవరైనా, పిల్లల కళ్లెదుట, అద్దం తెరచి ఒక మేకు అటో యిటో జరపండి. 'నిన్న 15కు ఒకటి పడింది, యివాళ 19కి ఒకటి పడుతున్నది, ఎందుకూ?' అని వాళ్లే అడగాలి. మేకులు వంచే మేస్త్రీని ఒక్కసారి చూసిన పిల్లవాడు ఫోనులో రంగురంగుల చక్రం తిరిగినప్పుడు కూడా వాడికోసం వెతుకుతాడు. ఆ మేకు జరిపే పని మొదట అత్తగారికే అప్పగించమని నా సలహా. మేకు తన చేతిలో వున్నప్పుడు ఆ పెట్టెకు ఆవిడ భయపడనక్కరలేదు.

రెండు జాగ్రత్తలు మిగిలాయి. గుండు సరిగ్గా పసివాడి గొంతులో యిరుక్కునే పరిమాణం. నాలుగేళ్లలోపు పిల్లలున్న యింట్లో ఆట అవగానే గుండ్లు లెక్కపెట్టి మూతడబ్బాలో వేసి తాళం వెయ్యాలి. ఒకటి తగ్గితే దొరికేదాకా యింటిల్లిపాదీ వెతకాలి, దొరక్కపోతే పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించాలి. రెండోది వానాకాలం. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా మన గాలిలో చెమ్మ చెక్కను వుబ్బిస్తుంది, మేకులు వదులవుతాయి. ఆ రోజుల్లో పెట్టెను అరుగుమీద వుంచకండి, గౌతమి పొంగినా పొంగకపోయినా జల్లు తప్పదు. లోపలిగదిలో, గోడకు జానెడు ఎడంగా, గాలి ఆడేటట్లు వుంచి దుప్పటి కప్పండి. గుండ్ల డబ్బాలో చిన్న గుడ్డమూటలో వేయించిన బియ్యం పిడికెడు కట్టి పడెయ్యండి, మెత్తబడినప్పుడల్లా మార్చండి.